మండపం కంకరలో తీతువు గుడ్లు

పెళ్లి ఫోటోలు తీసే కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చేవెళ్లలో నా స్టూడియో మూసేసి కొన్నేళ్లయింది. మోకాళ్లు కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు. వాటితో పెళ్లి పందిట్లో తిరగడం కుదరదు. వచ్చినవాళ్లు నన్ను కెమెరాల గురించి అడగరు, వాళ్ల చేతుల్లో ఉన్నవి నాకే అర్థం కావు కనుక. "యాదికున్న పెండ్లి ఒక్కటి చెప్పుండ్రి సార్" అంటారు. ఇన్నేళ్లలో తీసిన పెళ్లిళ్లన్నీ నా తలలో ఒకే పెళ్లిగా కలిసిపోయాయి. అదే పందిరి, అదే పంతులు, అన్నంలోకి అదే వంకాయ. కలవకుండా మిగిలింది ఒక్కటే. మండపం ఎక్కడ వేయాలో పెద్దలు, డెకరేషన్ వాళ్లు, ఫోటోగ్రాఫరు కూర్చుని తేల్చుకోవడం మీకు తెలుసు. ఆ పెళ్లిలో ఆ సంగతి ఒక పిట్ట తేల్చింది.

మొయినాబాద్ నుంచి లోపలికి పోయే దారిలో ఒక ప్రైవేటు జంతువుల పార్కు ఉండేది. రంగురంగుల విదేశీ చిలుకలు, ఆస్ట్రిచ్ పక్షులు, పొట్టి గుర్రాలు, ఒక ముసలి ఒంటె. ఆదివారాలు పట్నం నుంచి పిల్లలతో జనం వచ్చేవారు. పక్షులకు మేత పెట్టడం, వాటి బాగోగులు చూడటం పక్కనున్న సురంగల్ ఊరి పిల్ల ఒకతె చేసేది. ఇంట్లో వాళ్లు బంతి, చామంతి తోటలు వేసే రైతులు. ఆ పిల్లకు పెళ్లి కుదిరినప్పుడు పార్కు యజమాని, మన పిల్ల పెళ్లి మన దగ్గరే చేద్దాం అన్నాడు. అక్కడ అంతకుముందు పెళ్లి జరగలేదు.

పెళ్లికొడుకుది ఆలూరు. చేవెళ్లలో నా స్టూడియో వరసలోనే అతని దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ వైండింగ్ కట్టేవాడు. రోజూ కలిసి చాయ్ తాగేవాళ్లం కనుక ఫోటోల పని నాకే వచ్చింది.

ఒక సాయంత్రం అందరం పార్కుకు వెళ్లాం. చెరువు వైపు వాలుగా దిగే పచ్చిక బయలు ఒకటి ఉంది. పొద్దు వాలే వేళ ఆ గడ్డి మీద పడే వెలుతురు చూసి నేను ఇంకేమీ చూడలేదు. అక్కడ మండపం, ఇక్కడ నేను, వాళ్ల వెనక నీళ్లు. మనసులో ఆల్బమ్ సగం అయిపోయింది. పెళ్లికూతురు కూడా, "కాకా, పని అయినంక రోజు ఈడనే కూసొని చాయ్ తాగుత. ఈడ ఒక్క ఫోటో మంచిగ రావాలె" అంది.

పార్కు మేనేజరు నిబంధనలు చెప్పింది. ఆమె గట్టి మనిషి. పక్షుల దగ్గర ఫ్లాష్ కొట్టకూడదు. పటాకులు, డీజే, బ్యాండు వద్దు. సన్నాయి, డోలు మాత్రం ఉండొచ్చు, అదీ మెల్లగా. డ్రోన్ అసలే వద్దు.

వీడియో తీసే నా భాగస్వామికి ఆ చివరి మాట నచ్చలేదు. నాకంటే చాలా చిన్నవాడు, చేతిలో పని ఉన్నవాడు. "పైనకెళ్లి తియ్యకుంటె గది పెండ్లి వీడియోనా అన్న?" అని గొణిగాడు. అంతలో ఆస్ట్రిచ్ ఒకటి కంచె మీదుగా మెడ చాచి అతని కెమెరా లెన్స్ మూతను ముక్కుతో లాక్కుపోయింది. మేనేజరు నవ్వకుండా, "దానికి కూడా వీడియోలు నచ్చవు" అంది.

వాలుగా ఉన్నచోట మండపం నిలవదని పార్కు వాళ్లు మొరం పోసి చదును చేసి, పైన సన్న కంకర పరిచారు. పెళ్లి దగ్గర పడింది. ఒక ఉదయం పెళ్లికూతురు ఫోన్ చేసింది.

"కాకా, మండపం కాడ తీతువు గుడ్లు వెట్టింది."

పరాచికం అనుకున్నాను. వెళ్లి చూస్తే నిజమే. తీతువుకు చెట్టు మీద గూడు కట్టే అలవాటు లేదు, గడ్డి పుల్లలు ఏరే ఓపిక లేదు. కంకర నేల కనిపిస్తే చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. మండపానికి పరిచిన కంకర తన కోసమే అనుకుంది. మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు, వేలు పెట్టి చూపిస్తే తప్ప రాళ్లలో కలిసిపోయి కనిపించవు. మేం దగ్గరికి పోతుంటేనే పిట్ట లేచి, నల్లటి తల, పచ్చటి కాళ్లు కనిపించేంత కిందికి దిగి, నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు.

డెకరేషన్ పనివాడు తేలిగ్గా అన్నాడు. "గుడ్లు బుట్టల వెట్టి గా తుప్పల కాడ వెడదాం. ఎవలకు తెలుస్తది?"

"జరిపితే అది మల్ల గుడ్ల మీద కూసోదు" అంది పెళ్లికూతురు.

మేనేజరు అంతకంటే తక్కువ మాటల్లో తేల్చేసింది. పార్కులోకి వచ్చిన ఏ ప్రాణి గూటినీ ముట్టుకోకూడదు. గుడ్ల చుట్టూ దూరంగా తాడు కట్టిస్తుంది. పచ్చిక బయలు మొత్తం మూత. పెళ్లి ఇంకెక్కడైనా వేసుకోండి. లక్షలు పెట్టి విదేశాల నుంచి పక్షులు తెచ్చుకున్న పార్కులో, టికెట్ కొనకుండా వచ్చిన పిట్ట మాట చెల్లింది. నేను లోపల విసుక్కున్నాను. ఆ వెలుతురు మళ్లీ దొరకదు.

నా వెంట వచ్చిన పెళ్లికొడుకు ఆ గుడ్లనే చూస్తున్నాడు. మమ్మల్ని పక్కకు తీసుకుపోయి అడిగాడు.

"ఇది తీతువేనా? ఖాయమా?"

"తీతువే. ఏమైంది?" అంది పెళ్లికూతురు.

"అవ్వకు తెలిస్తే పెండ్లి కానియ్యది."

తీతువు ఇంటి మీద అరిస్తే చావు కబురు వస్తుందని మా వైపు ఊళ్లలో అంటారు. చాలామందికి అది మాట వరసకే. ఆలూరు అవ్వకు కాదు. ఆమె ఈ పిల్లవాడికి నాయనమ్మ. కొడుకు, అంటే పెళ్లికొడుకు తండ్రి, పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. అప్పుడు పెళ్లికొడుకు నడక నేర్చుకుంటున్న పిల్లవాడు. చనిపోయిన సాయంత్రం నుంచి తీతువు ఆపకుండా అరిచిందట. ఆనాటి నుంచి ఆ పిట్ట పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పొలం కౌలుకిచ్చేశారు. అవ్వ మళ్లీ అందులో అడుగు పెట్టలేదు.

పెళ్లికొడుకు మేనమామ కూడా మా వెంట వచ్చి ఉన్నాడు. ఆయన తెగేసి చెప్పాడు. "ముసలామెకు చెప్పకుండ్రి. మండపం దూరం జరిపి, కానిచ్చేద్దాం. ఫంక్షన్ హాళ్లు ఒక్కటి ఖాళీ లేవు, ఆషాఢం వస్తున్నది. ఇప్పుడు లొల్లి ఎందుకు?"

పెళ్లికూతురు ఒప్పుకోలేదు. "ఆ దినం పిట్ట అరవకుంటదా మామా? అప్పుడు తెలిస్తే నా మొకం ఎట్ల సూస్తది అవ్వ? నేనే వోయి చెప్త."

పెళ్లికాక ముందు పిల్ల అత్తవారింటికి పోవడం మా దగ్గర పద్ధతి కాదు. అందుకని నా పని సాకైంది. ఆల్బమ్ మొదటి పేజీకి పెద్దమనిషి ఫోటో కావాలని చెప్పి, నేను, ఆ పిల్ల, పెళ్లికొడుకు ఆలూరు వెళ్లాం. పెళ్లికొడుకు తల్లి ఇంట్లో లేదు, కూలికి పోయింది. అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏంది బిడ్డా, పెండ్లి గాకముందే వొచ్చినవ్?" అంది నవ్వుతూ.

"నీకు ఒక మాట చెప్పి పోదామని వచ్చిన అవ్వా. ఎన్కనుంచి వేరేటోళ్లు చెప్తే బాగుండది."

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తీతువు అన్న మాట వినగానే అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"గా పిట్ట అరిచే కాడ నా మనుమనితోని పుస్తె కట్టనియ్య" అంది. కోపం లేదు. తలుపు మూసినట్టు అంది, అంతే.

పెళ్లికూతురు వాదించలేదు. ఆమె పక్కన కూర్చుని తనూ ఒక చింతకాయ తీసుకుని గింజ తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది.

"అది ఊకనే అరవది అవ్వా. నేను రోజు సూస్తున్న. గుడ్ల దిక్కు కుక్కొచ్చినా, మనిషొచ్చినా అరుస్తది. ఎవలు రాకుంటె సప్పుడు జెయ్యది."

అవ్వ చేతిలోని చింతకాయ గంపలో వేసింది. తర్వాత అడిగింది.

"మనిషొస్తే, మనిషి పోయేదాక అరుస్తదా?"

"పోయేదాక అరుస్తది."

"పోకుంటె?"

పెళ్లికూతురు నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. నాకూ అప్పుడే అయింది.

"పోకుంటె... అరుస్తనే ఉంటది అవ్వా" అంది మెల్లగా.

అవ్వ చింతపండు గంప పక్కకు జరిపింది. "గా దినం నేనొక్కదాన్నే ఉన్న ఇంట్ల. కోడలు పిల్లగాన్ని తీస్కొని తల్లిగారింటికి వోయింది. గప్పుడు కరెంటు ఎప్పుడొస్తె గప్పుడే నీళ్లు వెట్టాలె, వాడు మోటరు కాడనే పండుకుంటుండె. పొద్దూకినకాడికెళ్లి మా చెల్క దిక్కు పిట్ట అరుస్తనే ఉన్నది. ఇంటికి ఏం కీడు మూడుతదోనని పొయ్యిల ఉప్పేసి తలుపు వెట్టుకున్న. తెల్లారి పక్క చెల్క కౌలుదారు వొచ్చి చెప్పిండు, స్టార్టర్ డబ్బ కాడ పడి ఉన్నడని."

పొలం ఉన్న దిక్కు చూసింది. "అది చావును పిలుస్తున్నదనుకున్న. పడ్డోన్ని సూపెడుతున్నదని నాకేమెర్క?"

పెళ్లికొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "డాక్టర్ చెప్పిండు గదనే అవ్వా, కరెంటు పట్టుకున్న గడియలనే పానం వోయిందని. నువ్వు ఉరికినా ఏం లాభం లేకుండె."

"ఎర్కేరా" అంది అవ్వ. "అయినా రాత్రంత ఒక్కడే పండె గద."

ఆ పిల్ల చేతిలో చింతకాయ అలాగే ఉండిపోయింది. చివరికి అవ్వే అడిగింది.

"గా గుడ్లు పిల్లలయ్యేదెప్పుడు?"

"మన పెండ్లి అయినంకనే అవ్వా."

"అయితె దాన్ని గట్లనే ఉండనియ్యుండ్రి. మండపం ఎటన్న జరుపుకోండ్రి. నేనొస్త."

వచ్చిన సాకు చెడకుండా ఫోటో ఒకటి తీశాను. అందులో అవ్వ కెమెరాను కాదు, చింతపండు గంపను చూస్తోంది. తిరుగు దారిలో పెళ్లికూతురు అడిగింది, "చెప్పకుంటె బాగుండునా కాకా?" అని. "తెల్వది బిడ్డా" అన్నాను. ఇప్పటికీ తెలియదు. తెలియని మనిషికి భయం ఒక్కటే ఉంటుంది. తెలిశాక ఏముంటుందో ఆ అరుగు మీద చూశాను.

మండపం బండ్లు ఆపే చోటికి మారింది. అక్కడ నాలుగు వేపచెట్లు, పక్కనే ఒంటె కొట్టం. చెట్ల నీడ అనగానే బాగుంటుందని మీరు అనుకోవచ్చు. ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా మొహాల మీద పడుతుంది, చిరుతపులి ఫోటో తీసినట్టు ఉంటుంది. టెంట్ హౌస్ వాళ్ల దగ్గర్నుంచి తెల్లటి గుడ్డలు తెచ్చి పైన అడ్డంగా కట్టించాను. వెలుతురు మెత్తబడింది. ఒంటెకు మాత్రం ఏమీ కట్టలేకపోయాను. జీలకర్ర బెల్లం పెట్టే ఫోటోలో పెళ్లికొడుకు భుజం మీదుగా అది నమలడం కనిపిస్తుంది. ఆ ఫోటోనే తర్వాత అందరూ అడిగి తీసుకున్నారు.

పెళ్లినాడు పచ్చిక బయలు వైపు ఎవరూ పోకుండా పార్కు పనివాళ్లు దారిలో నిలబడ్డారు. వాళ్లంతా పెళ్లికూతురి తోటివాళ్లే, కొత్త చొక్కాలు తొడుక్కుని. ఉదయమంతా పిట్ట సద్దు లేదు. అవ్వ ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అందరూ వినే మంత్రాలు కాక ఇంకేదో వింటున్నట్టు ఉంది.

పంతులు పుస్తె పెళ్లికొడుకు చేతికిచ్చాడు. నేను మోకాలి మీద కూర్చుని సిద్ధంగా ఉన్నాను. సరిగ్గా అప్పుడు చెరువు వైపు నుంచి పిట్ట లేచింది. ఒక అరుపు కాదు, వరసగా, ఆపకుండా.

పెళ్లికొడుకు చేతులు గాలిలో ఆగిపోయాయి. అతని వైపు చుట్టాల్లో సగం మంది లేచి నిలబడ్డారు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "ఆపుండ్రి, ఆపుండ్రి, పుస్తె కట్టకుండ్రి" అంది. మేనమామ సన్నాయి వాళ్ల మీదికి వంగాడు.

"గట్టిగ కొట్టుండ్రి! ఆ సప్పుడు ఇనవడొద్దు, కొట్టుండ్రి!"

డోలు వాయించే ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు అవ్వ వైపు చూసింది. నేను కూడా కెమెరా అటే తిప్పాను. అవ్వ కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది.

"కొట్టకుండ్రి" అంది. "ఎవలో గుడ్ల కాడికి వోయిండ్రు. పోయి సూడుండ్రి. వాన్ని ముందు ఇవుతలకి తీస్కరాండ్రి."

పార్కు పనివాళ్లు ఇద్దరు ఉరికారు. మండపంలో ఎవరూ కదల్లేదు. పెళ్లికూతురు తల వంచుకునే ఉంది కానీ, ఆమె పెదవులు బిగుసుకుని ఉండటం నా లెన్స్‌లో కనిపించింది. తలంబ్రాల పళ్లెం పట్టుకున్న ఆమె తల్లి కళ్లు మూసుకుంది. పిట్ట అరుస్తూనే ఉంది. తర్వాత మెల్లగా తగ్గింది. ఆగింది.

చెట్ల మధ్య నుంచి వస్తున్నది నా భాగస్వామి. జుట్టు చెదిరిపోయి, ఒక చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, పనివాళ్ల మధ్య నడుస్తున్నాడు. పిల్లకు ఆ పచ్చిక మీద మోజు కదా, మండపాన్ని అక్కడి నుంచి దూరంగానైనా ఒక్కసారి చూపిస్తే వీడియో చూసుకుని సంతోషిస్తుందని, వెనక దారిన తాడు దాటి ట్రైపాడ్ పెట్టాడట. పిట్ట నెత్తిన తన్నింది. కెమెరా ఊడబీక్కుని వచ్చాడు. ట్రైపాడ్ అక్కడే వదిలేశాడు. తర్వాత తెచ్చుకోవడానికి మేనేజరు ఒప్పుకోలేదు. గుడ్లు పిల్లలై, వాటి కాళ్ల మీద అవి చెరువు ఒడ్డుకు నడిచిపోయేదాకా మా ట్రైపాడ్ ఆ బయల్లో ఎండలో నిలబడింది. పెళ్లికూతురే, పనిలోకి తిరిగి వచ్చాక, తెచ్చి ఇచ్చింది.

అతన్ని చూసి మండపంలో నవ్వులు లేచాయి. అవ్వ నవ్వలేదు. "దెబ్బ తాకిందా బిడ్డా?" అని అతన్ని అడిగింది. లేదన్నాడు. అప్పుడు మనవడి వైపు తిరిగింది.

"ఇగ కట్టురా."

పంతులు, ముహూర్తం దాటలేదు అన్నట్టు తల ఊపాడు. నిజంగా దాటలేదో, దాటినా ఊపాడో నాకు తెలియదు. పెళ్లికొడుకు పుస్తె కట్టాడు. సన్నాయి మెల్లగా మోగింది.

సాయంత్రం అప్పగింతలయ్యాయి. ఆలూరులో ఇంట్లోకి అడుగు పెట్టే ఫోటో తీయాలి కనుక నా బండి పెళ్లికారు వెనకే వెళ్లింది. చేవెళ్ల దాటి ఊరు ఇంకా రాకముందే ముందు కారు రోడ్డు పక్కన ఆగింది. అవ్వ దిగుతోంది. నేను దిగి దగ్గరికి వెళ్లేసరికి మేనమామ ఆమెతో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"అత్తమ్మా, ఇంటికాడ అందరు హారతి పట్టుకొని ఎదురుసూస్తున్నరు. కొత్త పిల్లను ముందు ఇంట్లకు తీస్కపోవాలె. ఈ చెల్కలకు ఎందుకు ఇప్పుడు?"

"ఇల్లు యాడికి వోతది?" అంది అవ్వ. "ముందుగాల పిల్లను దాని మామకు సూపియ్యాలె."

మేనమామ పక్కకు తప్పుకున్నాడు. పెళ్లికూతురు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగింది. పెళ్లికొడుకు ఒక పక్క, అతని తల్లి ఇంకో పక్క. కోత అయిపోయి ఖాళీగా ఉన్న పొలం అది. అవ్వ ముందు నడిచింది. ఇన్నేళ్లుగా రాని మనిషి దారి వెతుక్కోలేదు. మోటారు గది పాతబడి రేకు వంగి ఉంది. దాని ముందు ఆగి కాసేపు అలాగే నిలబడింది. కోడలు చెంగుతో మొహం కప్పుకుంది. అవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నేను గట్టు దగ్గరే ఆగాను. అవ్వ నన్ను చూసింది.

"ఆడ నిలవడ్డవేంది? ఇటు రా. తియ్యి."

గది ముందు వరసగా నిలబడ్డారు. ఈ చివర పెళ్లికూతురు, పెళ్లికొడుకు. ఆ చివర అవ్వ. అవ్వకు ఇవతల, పెళ్లికొడుకు తల్లి. ఆమెకు, కొడుక్కు మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. "జర దగ్గరికి జరగండి" అనడం మన వృత్తిలో నాలుకకు అలవాటైన మాట. అది నోటిదాకా వచ్చింది.

అనలేదు. వాళ్లు నిలబడ్డది నిలబడ్డట్టే తీశాను.